చోటెందుకు మిగిలింది?

ఎవరికైనా చోటు చాలకపోతే బెంగ. గిడ్డంగికి మాత్రం చోటు మిగిలిందని బెంగ పట్టుకుంది.

గిడ్డంగి అన్నది ఆమె పేరు కాదు. గొంతు జబ్బుల ఆసుపత్రిలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం ఆమెది. ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేయాల్సిన రోగుల చేత ముందుగానే కొన్నాళ్లు మాట్లాడించి, ఆ మాటలన్నీ రికార్డు చేసి దాచే విభాగం ఒకటి అక్కడుంది. ఆపరేషన్ అయ్యాక ఆ రికార్డులతోనే ఒక చిన్న యంత్రానికి ఆ మనిషి గొంతు నేర్పుతారు. ఆ తర్వాత మనిషి టైపు చేస్తే యంత్రం అతని గొంతుతో పలుకుతుంది. ఈ గొంతులన్నిటికీ నకళ్లు తీయించి, ఆ నకళ్లకు చోటు చూసి పెట్టే మనిషి కాబట్టి ఎవరో సరదాగా గిడ్డంగి అన్నారు. అదే ఖాయమైపోయింది. జీతం కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు.

ఒకరోజు పొద్దున్నే పెద్ద డాక్టరుగారు ఆమెను గదిలోకి పిలిచారు.

"వచ్చే ఏడాదికి బ్యాకప్‌కి ఎంత చోటు కావాలో లెక్కేసి చెప్పమ్మా. ఎక్కువ చెప్పావనుకో, నేను కొనలేను. తక్కువ చెప్పావనుకో, రేపేదైనా పోతే నిన్నే అంటాను."

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అనే రకం ఆయన. గిడ్డంగి తల ఊపి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

లెక్క పెద్ద కష్టమైనదేం కాదు. ఒక్కో రోగి ఎంతసేపు మాట్లాడతాడు, గంట మాటకు ఎంత చోటు పడుతుంది, ఏడాదికి ఎంతమంది వస్తారు, వీటిని హెచ్చవేసి, ఏటేటా పెరిగేదానికి ఇంకాస్త కలిపితే సరిపోతుంది. లెక్క వేసే పద్ధతి సరైనదో కాదో తెలియాలంటే దాన్ని గడిచిన ఏడాదికి వేసి చూడాలి. ఆమె వేసి చూసింది. ఆ లెక్క ప్రకారం, పక్క భవనంలో ఉన్న బ్యాకప్ పెట్టె ఈపాటికి అంచుల దాకా నిండి ఉండాలి.

తీరా చూస్తే అది సగం ఖాళీగా ఉంది.

తప్పు తనదే అనుకుంది గిడ్డంగి. చిన్నప్పటి నుంచీ లెక్కల్లో ఆమెది అంతంతమాత్రమే. మళ్లీ వేసింది. అదే వచ్చింది. కింది నుంచి పైకి వేసింది. అదే వచ్చింది. పోనీ రోగులు తక్కువ మాట్లాడుతున్నారేమో అనుకుని రికార్డింగు గది బయట కాసేపు నిలబడింది. లోపల ఒక పెద్దాయన గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. ఇంకొన్నాళ్లకు మాట పోతుందని తెలిసిన మనిషి తక్కువెందుకు మాట్లాడతాడు?

"మిగిలిందా?" పెద్ద డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. "శుభం! అయితే ఈ ఏడు కొనక్కర్లేదన్నమాట. ఆ మొహం ఏంటి, గిడ్డంగీ? ఇంత మంచి మాట ఏడుస్తూ చెప్తారా ఎవరైనా?"

"ఎందుకు మిగిలిందో తెలీడం లేదండీ."

"మిగిలితే సంతోషించాలి కానీ ఎందుకు మిగిలిందని అడుగుతారా?"

అడగరు. అదీ నిజమే. బయటికి వచ్చాక పక్క బల్ల దగ్గర బిల్లుల గుమాస్తా కూడా అదే పాట పాడాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు తల్లీ? ఆయనకే లేని బెంగ నీకెందుకు?"

కానీ నెలకు సరిపడా బియ్యం పోసి, నెలాఖరున మూత తీసి చూస్తే డబ్బా సగం నిండే ఉందనుకోండి. ఇంట్లో పొదుపు చేస్తున్నారని మురిసిపోవాలా, ఎవరూ తిండి తినడం లేదని భయపడాలా? గిడ్డంగికి రెండోదే తోచింది. అలాగని భయపడటానికి ఆధారమూ లేదు. రోజూ ఆమె వచ్చేసరికి బ్యాకప్ యంత్రం పంపిన కబురు తెర మీద ఉంటుంది. పచ్చటి గీత, దాని పక్కన "విజయవంతం" అన్న మాట. ఏడాది పొడుగునా ఒక్కనాడూ ఎర్రగీత పడలేదు. యంత్రం అబద్ధమాడదు, లెక్క అబద్ధమాడదు, రెండూ కలిపి చూస్తే మాత్రం ఎక్కడో అబద్ధముంది.

సరే, లెక్కలు మానేసి కళ్లతోనే చూద్దామనుకుంది. పెట్టెలోకి వెళ్లి ఏదో ఒక రోగి గొంతు వెతికింది. ఉంది. తీసి వింది, శుభ్రంగా వినిపించింది. ఇంకొకరిది వెతికింది. అదీ ఉంది. ఇంకొకటి. అన్నీ లక్షణంగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని, చివరగా తనకు తెలిసిన మనిషిది ఒకటి చూసి లేచిపోదామనుకుంది.

తెలిసిన మనిషంటే సొంత అక్కే. అక్కకు గొంతు ఆపరేషన్ అయి వారం తిరిగింది. తిండి తిన్నావా అన్న మాట కూడా తిట్టినట్టే అడిగే మనిషి, ఇప్పుడు వాళ్లింట్లో గోడకానుకుని కూర్చుని చేతిపలక మీద మాటలు రాసి చూపిస్తోంది. ఆపరేషన్‌కు ముందు ఇక్కడికి వచ్చి, ఆ రికార్డింగు గదిలోనే కూర్చుని రికార్డు చేయించుకుంది. మళ్లీ చేద్దామంటే చేయడానికి ఇప్పుడు గొంతు లేదు. ఉన్నదల్లా ఆ రికార్డే.

గిడ్డంగి అక్క నంబరు కొట్టింది.

లేదు.

తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టింది. లేదు. ఆసుపత్రిలో అక్క పక్క మంచం మీద ఉన్న ఆవిడ నంబరు కొట్టింది. ఆవిడదీ లేదు. పొద్దున గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన పెద్దాయనది కొట్టింది. లేదు. ఇందాక చూసినవి ఎవరివో అప్పుడు పోల్చి చూసుకుంది. అందులో కొందరు వైద్యం ముగిసి ఇంటికెళ్లినవాళ్లు, కొందరు ఏకంగా లోకం నుంచే వెళ్లిపోయినవాళ్లు. ఇప్పుడు వైద్యంలో ఉన్నవాళ్లలో ఒక్కరి గొంతూ పెట్టెలో లేదు.

పోయినవాళ్ల గొంతులు పదిలంగా ఉన్నాయి. ఉన్నవాళ్ల గొంతులు లేవు. ఎవరు ఉన్నారో ఎవరు పోయారో యంత్రానికెలా తెలుసు? దయ్యాలంటే ఆమెకు నమ్మకం లేదు కానీ, ఆ క్షణంలో ఎవరైనా వచ్చి కంప్యూటరుకు దయ్యం పట్టిందంటే కాదనే ఓపిక కూడా లేదు.

ఆమె పరుగులాంటి నడకతో మాటల టీచరు దగ్గరికి వెళ్లింది. రోగుల చేత మాట్లాడించి రికార్డు చేసేది ఆవిడే. నెమ్మదైన మనిషి. నడినెత్తిన పిడుగు పడినా ముందు కళ్లద్దాలు తుడుచుకుని అప్పుడు తలెత్తుతుంది.

"టీచర్, మా అక్క గొంతు ఎక్కడుంది?"

"ఇక్కడే ఉందిగా," అంటూ టీచరు తన తెర చూపించింది.

తెర అడుగున ఇరుకిరుగ్గా బోలెడు ఫైళ్లు తెరిచి ఉన్నాయి. ఒకదాని మీద అక్క నంబరు ఉంది. గిడ్డంగికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో అనుమానమూ వచ్చింది.

"ఇన్ని ఎందుకు తెరిచి ఉన్నాయి?"

"ఎప్పుడూ తెరిచే ఉంటాయి."

"సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మూసేయరా?"

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కనిపించింది.

"నవ్వకూడదు మరి. కొత్తలో నేనూ మూసేసేదాన్ని. ఒకసారి ఒకాయన ఫైలు మూసి ఇంటికెళ్లాను. తెల్లారి వచ్చేసరికి ఆయన లేడు. నేను మూసినందుకే పోయాడని అనను. అంత తెలివితక్కువదాన్నేం కాదు. కానీ ఆ తర్వాత చెయ్యి రాలేదు. తెరిచి ఉందంటే ఇంకా పని మిగిలుందనేగా? పని మిగిలిన మనిషి ఎక్కడికి పోతాడు? వాళ్లు యంత్రంతో మాట్లాడటం నేర్చుకుని, నాకు టాటా చెప్పి ఇంటికెళ్లిన రోజున మూస్తాను. ఇప్పుడు మా విభాగంలో అందరం అంతే."

గిడ్డంగి నవ్వలేదు. నవ్వడానికి లోపల చోటు లేదు. ముడి ఎక్కడుందో ఆమెకు అప్పుడు కనబడింది. వాడుకలో ఉన్న ఫైలును బ్యాకప్ యంత్రం ముట్టుకోదు. దాన్ని అమర్చినవాళ్లు మధ్యలో ఎక్కడా ఇరుక్కుపోకూడదని, తెరిచి ఉన్నవాటిని దాటుకుని పొమ్మని నేర్పారు. అది బుద్ధిగా దాటుకుని పోయింది. మూసినవన్నీ మోసుకెళ్లి, పని పూర్తయిందని రోజూ పచ్చగీత గీసింది. ఆ గీత పక్కన ఆవగింజంత బాణం గుర్తు ఒకటుంది. దాన్ని నొక్కితే దాటేసినవాటి జాబితా వస్తుంది. పచ్చగా ఉన్నదాన్ని నొక్కి చూడాలని ఎవరికి తోస్తుంది?

దయతో తెరిచి ఉంచారు. తెరిచి ఉంచినందుకే దిక్కులేనివయ్యాయి. ఎవరి మీద కోప్పడాలో గిడ్డంగికి అర్థం కాలేదు.

"టీచర్, ఇవన్నీ ఇప్పుడే మూసేయాలి. మూస్తేనే వాటికి నకలు తయారవుతుంది. ఈ ఒక్క డబ్బా పాడైందా, వీళ్లందరి గొంతులూ పోయినట్టే."

అనుకోకుండానే ఇద్దరూ బల్ల కింద ఉన్న ఆ డబ్బా వంక చూశారు. ఏళ్ల తరబడి ఆపకుండా నడుస్తున్న కంప్యూటరది. ముసలాడి గురకలా చప్పుడు చేస్తోంది.

"అన్నీనా?" టీచరు గొంతు సన్నబడింది. "ఒకేసారా?"

"అన్నీ."

"పక్క గదిలో ఆయనకు రేపేనమ్మా ఆపరేషన్. ఆయనది మాత్రం..."

"ఆయనదీ."

టీచరు మొహం చూస్తే గిడ్డంగికి జాలేసింది. అయినా తగ్గలేదు. "మూసి, నకలు తీసి, మళ్లీ తెరిచేద్దాం. అంతసేపూ నేనిక్కడే కూర్చుంటాను," అంది.

టీచరు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది. ప్రతిదానికీ మనసులో ఏదో అనుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. చివరికి అక్క ఫైలు ఒక్కటే మిగిలింది. టీచరు మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసి, "ఇది నువ్వే మూయి," అంది.

ఇందాకటి నుంచీ ఇంత ధైర్యం చెప్పిన గిడ్డంగి మౌస్ పట్టుకుంది. వేలు నొక్కడం లేదు. మూస్తే ఏమీ కాదని తెలుసు. మూయకపోతేనే ప్రమాదమనీ తెలుసు. ఎదుటివాళ్లకు చెప్పేటప్పుడు అరటిపండు ఒలిచినట్టున్న సంగతి, తన దాకా వచ్చేసరికి పీటముడి పడింది. ఇంట్లో అక్క ఈ క్షణాన ఏం చేస్తోందో, గొంతు దగ్గర కుట్లు ఎలా ఉన్నాయో, జ్వరమేమైనా వచ్చిందో అని ఎక్కడెక్కడి ఆలోచనలూ వచ్చాయి. ఇంత చదువు చదివి నాకీ పిచ్చేంటని తనను తాను తిట్టుకుంది. తిట్టుకున్నా వేలు కదల్లేదు.

"కష్టంగా ఉంది కదూ?" అంది టీచరు మెల్లగా.

గిడ్డంగి కళ్లు మూసుకుని నొక్కేసింది.

కళ్లు తెరిచేసరికి తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. అన్నాళ్లుగా తెరిచి ఉంచిన ఫైలు, ఓ పట్టాన మూసుకోవడం లేదు. చక్రం తిరిగింది, తిరిగింది. డబ్బా గురక పెద్దదైంది. అది తిరుగుతున్నంతసేపూ అక్క గొంతు ఉన్నట్టో లేనట్టో ఆమెకు తెలియలేదు. ఆగిపోతే మంచిదో, ఆగకపోతే మంచిదో కూడా తెలియలేదు. టీచరు ఆమె భుజం పట్టుకుంది. కాసేపటికి చక్రం మాయమై, ఫైలు మూసుకుంది.

బ్యాకప్ మొదలుపెట్టింది. పెట్టెలో ఖాళీగా ఉన్న సగమూ చూస్తుండగానే నిండుతూ వచ్చింది. ఆమె లెక్క ఎంత చెప్పిందో అంతకు దగ్గరగా వచ్చింది, దాన్నీ దాటింది. సాయంత్రానికి మొట్టమొదటిసారి ఎర్రగీత పడింది. చోటు చాలదట. పొద్దున చోటు ఎక్కువైందని కంగారుపడిన మనిషికి, పొద్దుగుంకేసరికి చోటు తక్కువైందని కంగారు. ఇదేం లెక్కో అర్థం కాక ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాపీ కావలసినవాటిలో అక్క ఫైలు అట్టడుగున ఉంది. చివరగా మూసినది కదా మరి.

పెట్టెలో ఏం తీసేయొచ్చా అని వెతికితే, ఒక మూల పెద్ద డాక్టరుగారి సన్మానాల వీడియోలు కనిపించాయి. శాలువాలు, ఉపన్యాసాలు, చప్పట్లు. ఒక్కోటీ గంటల పొడుగు. ఇరవై మంది రోగుల గొంతులు పట్టే చోటును ఆయన చప్పట్లు ఆక్రమించుకున్నాయి. ఆమె వెళ్లి జరిగిందంతా చెప్పి, ఆ వీడియోల సంగతీ చెప్పింది. ఆయనకు పొద్దున అన్న "శుభం" గుర్తొచ్చిందో ఏమో, బల్ల మీది కలాన్ని అటూ ఇటూ దొర్లించారు.

"అన్నీ తీసేయాలా? మొన్నటిది ఒక్కటి..."

"అన్నీ అండీ."

"తీసెయ్. కొత్త పెట్టెకు నువ్వు వేసిన లెక్క ఎంతైతే అంతా రాసివ్వు. ఇంకాస్త కలిపే రాయి." ఆమె తలుపు దగ్గరికి వెళ్లాక, "మీ అక్కగారిది భద్రమేనా?" అని అడిగారు.

"ఇంకా తెలీదండీ," అంది గిడ్డంగి.

ఆఖరికి పచ్చగీత వచ్చింది. ఈసారి ఆమె బాణం గుర్తు నొక్కింది. దాటేసినవేవీ లేవు. అయినా ఇల్లు అలకగానే పండగ కాదు. దాచినదాన్ని తిరిగి తీసి విన్నప్పుడే దాచినట్టు లెక్క. ఆమె పెట్టెలోంచి అక్క గొంతును ఒక ల్యాప్‌టాప్‌లోకి దింపుకుని, అక్కకూ వినిపించినట్టుంటుందని మరునాడు వాళ్లింటికి తీసుకెళ్లింది.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. మెడ చుట్టూ మెత్తటి గుడ్డ. చెల్లెలిని చూడగానే చేతిపలక అందుకుని "తిన్నావా?" అని రాసింది. రాసిన మాటలో తిట్టు వినబడక గిడ్డంగికి ఏదోలా అయింది. వెనక వంటింట్లో బావ గిన్నెలు తోముతున్నాడు. పంపు చప్పుడులో ఆయనకు ఈమె వచ్చిన సంగతి కూడా తెలిసినట్టు లేదు.

"నీ గొంతు తెచ్చానక్కా. విను," అంది గిడ్డంగి.

పెట్టింది. ఒక ఆడగొంతు నింపాదిగా, పొందిగ్గా మాటలు చదవడం మొదలెట్టింది. "నాకు దాహంగా ఉంది. కిటికీ తెరవండి. ఈ రోజు ఎండ ఎక్కువగా ఉంది."

అక్క శ్రద్ధగా వింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకాస్త వింది. తర్వాత తల అడ్డంగా ఊపి పలక మీద రాసింది: "ఇది నాది కాదు."

గిడ్డంగి తెర మీది నంబరు మళ్లీ చూసుకుంది.

"నీదే అక్కా. నీ నంబరే."

"కాదు. నా గొంతు ఇంత సన్నగా ఉండదు. ఎవరో ఇచ్చి పంపారు."

గిడ్డంగి మళ్లీ వింది. పొద్దుటిదాకా ఆమెకు ఏ అనుమానమూ లేదు. ఇప్పుడు వింటే నిజంగానే తెలియడం లేదు. అక్క ఎప్పుడైనా ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా మాట్లాడిందా? అన్ని ఫైళ్లూ ఒకే పూటలో మూశారు. ఆ కంగారులో ఒకరి నంబరు కింద ఇంకొకరిది పడిందా? ఆ చక్రం అంతసేపు ఎందుకు తిరిగింది? అలా అయితే అక్కది ఎక్కడుంది? అసలుందా? రెండు రోజులుగా ఎన్నో గొంతులు విని విని, పుట్టినప్పటి నుంచీ ఎరిగిన గొంతునే ఆమె చెవి పోల్చుకోలేకపోతోంది. దానికి మించిన భయం ఆమెకు ఈ రెండు రోజుల్లో కలగలేదు. సరిగ్గా విందామని ధ్వని పూర్తిగా పెంచింది.

అక్క మొహం తిప్పేసుకుంది. పరాయివాళ్ల గొంతు తన పేరు చెప్పుకుని తిరుగుతున్నట్టు బాధపడుతోంది. పలక మీద "ఆపు" అని రాసింది.

గిడ్డంగి ఆపబోయేలోగా వంటింట్లో పంపు ఆగింది. ల్యాప్‌టాప్‌లో గొంతు తర్వాతి వాక్యం చదివింది.

"ఏమండీ, ఓసారి ఇటు రండి."

"ఆఁ, వస్తున్నా!" అన్నాడు బావ వంటింట్లోంచి.

తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ గబగబా వచ్చాడు. గిడ్డంగి వంక చూడలేదు, ల్యాప్‌టాప్ వంకా చూడలేదు. తిన్నగా మంచం దగ్గరికి వచ్చి, ఎన్నో ఏళ్లుగా వచ్చి నిలబడినట్టే అక్క ముందు నిలబడ్డాడు.

"పిలిచావా?" అన్నాడు.

అన్న తర్వాత ఆయనకే తెలిసింది. తువ్వాలులో చేతులు అలాగే ఆగిపోయాయి.

అక్క ఆయన మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. పలక పక్కన పెట్టేసి, అవునన్నట్టు తల ఊపింది.